మూడూ నలభైకి ఒక పిలుపు

తీసేద్దామంటోంది నౌషీన్.
ఋషికొండ మీద నాలుగో అంతస్తు,
కిటికీ అద్దానికి ఉప్పు పొర, దాని వెనక సముద్రం.
తెరమీద వేలు పెట్టి చూపిస్తోంది:
మొదటి వెర్షన్.
ఒకప్పుడు రోజుకి రెండు లక్షల పిలుపులు,
గాజువాక లారీ కాటాలు, పోర్టు గేట్లు, రైతుబజారు తూనికలు.
ఇప్పుడు ఒకటి.
తెల్లవారుజామున మూడూ నలభైకి
ఒకే ఒక్కటి.

ఆ తలుపు నేను బిగించిన ఏడు
ఈ పిల్ల పలకమీద అ ఆలు దిద్దుతూ ఉండుంటుంది.
'బరువు' అన్న మాటలో అప్పుడే నాకొక అక్షరం జారిపోయింది.
మర్నాడే చూశాను. దిద్దలేదు.
అప్పటికే నలుగురు ఆ తప్పుని నమ్ముకున్నారు,
దిద్దితే వాళ్లు పడిపోతారు.

ఖర్చు నాకు తెలియక కాదు.
ఒక్క పిలుపుకోసం ఒక ముసలి సర్వరు,
దానికి పాత తాళాలు, తాళాలకి తుప్పు,
తుప్పులోంచి ఎవడైనా దూరగల సందు.
ఒక్క మనిషి ఎక్కే బస్సు అది.
మద్దిలపాలెం డిపోలో చెబితే నవ్విపోతారు.

నోటీసిచ్చాం కూడా, మూడేళ్ల కిందట.
ప్రతి జవాబు చివరా ఒక వాక్యం:
ఇది త్వరలో ఆగిపోతుంది, దయచేసి మారండి.
మర్యాదగానే రాశాం.
చదివింది మాత్రం యంత్రం.
చదివి, పక్కన పెట్టి, మళ్లీ మర్నాడు వచ్చింది,
వెయ్యిన్ని తొంభై అయిదు రాత్రులు.
తాళం వేసిన గదిలో, లోపలి గోడకి
అంటించిన కాగితం.

సరే, ఆర్పి చూద్దామన్నాను.
మంగళవారం, పావుగంట.
పిలుపు వచ్చింది. తలుపు మూడుసార్లు కొట్టింది.
వెళ్లిపోయింది.
ఫోను మోగలేదు, ఉత్తరం రాలేదు.
"చూశారా, ఎవరూ లేరు" అంది నౌషీన్.

అరవనివాడు ఒప్పుకున్నట్టా?
ఎవరిమీద అరవాలో తెలియనట్టా?

గురువారం రాత్రి స్కూటరు తీశాను.
బీచ్ రోడ్డు ఖాళీ. డాల్ఫిన్ నోస్ దీపం
తనని ఎవరు చూస్తున్నారో అడక్కుండా తిరుగుతోంది.
చేపల రేవు వెనక ఐస్ ఫ్యాక్టరీ,
డీజిలు వాసన, పిండి అవుతున్న మంచు,
గోడకి మేకుతో కొట్టిన నీలం పెట్టె.
మూడూ నలభై. పెట్టె గరగరలాడి
నాలుక చాపినట్టు ఒక కాగితం చాపింది.
మైలపల్లి ఎర్రయ్య దాన్ని చింపి చెవి వెనక దోపుకున్నాడు.

"మంగళవారం రాలేదు కదా?"
"రానేదు బావూ. నోటిలెక్కే సెప్పీసినాను బోట్లకి.
నూట నలబై కిలోలు తేడా వొచ్చింది,
జీతంలో పట్టీసినారు."
"మేమే ఆర్పాం."
"ఏటికి?"
"ఎవరైనా ఉన్నారో లేదో అని."
ఆయన చేతులకి అంటిన మంచు లుంగీకి తుడుచుకున్నాడు.
"ఉన్నాను గదా."

ఆఫీసుకొచ్చి ఆ రెండు మాటలే చెప్పాను.
ఆదివారం నౌషీన్ తనే వెళ్లింది,
మోకాళ్లదాకా తడిసి, పెట్టె విప్పి,
కొత్త తలుపు దారి చూపించబోయింది.
పెట్టె వినలేదు.
దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో షట్టరు దించేసింది,
లోపలి మాట మార్చే మనిషి ఎక్కడా లేడు.
చిరునామా వరకు మార్చనిచ్చింది, అంతే.
నూట నలభై కిలోల డబ్బు ఎవరిచ్చారో
నేను అడగలేదు, తను చెప్పలేదు.

మొదటి వెర్షన్ నెల తిరక్కుండా తీసేశాం.
పన్నెండు వేల వరసలు. మీట నొక్కింది నేనే.
ఏమీ కూలలేదు. టీ తాగాం.
మూడూ నలభైకి పిలుపు వస్తూనే ఉంది, కొత్త గుమ్మానికి.

నిన్న ఏదో వెతుకుతూ ఆ కొత్తది తెరిచాను.
అంతా నున్నగా, తీరుగా, నౌషీన్ చేతిరాతలా ఉంది.
నూట ఆరో వరస దగ్గర మాత్రం ఆగిపోయాను.
అక్కడ, ఏ వివరణా లేకుండా,
ఒక్క అక్షరం తక్కువగా
బరువు.